సెక్రటరీ గారూ, మెసేజ్ వచ్చింది గానీ మురుగు పోలేదు

1992లో పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. 2023లో పంచాయతీ కార్యదర్శిగా దిగిపోయాను. చేరినప్పుడు నా బల్ల మీద ఇంటి పన్నుల డిమాండు రిజిస్టరు, ఒక రబ్బరు స్టాంపు, సిరా దిండు ఉండేవి. దిగిపోయేనాటికి ఒక కంప్యూటరు, రెండు ఫోన్లు, పదిహేను యాప్‌లు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఫోన్ల గురించే. కొన్నిటికి జవాబు రాస్తున్నాను.

*

సెక్రటరీ గారూ, మా వీధి మురుగు కాలువ పూడిపోయి ఆరు నెలలైంది. ఒక సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇచ్చాను. పన్నెండో రోజున ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. సంతోషపడి చెప్పులేసుకుని వెళ్లి చూస్తే కాలువలో గేదె పడుకుని ఉంది. ఇది ఎవరు పరిష్కరించినట్టు?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

మాస్టారూ, మీ అర్జీని నాలాంటివాడే పరిష్కరించి ఉంటాడు. ఎలా పరిష్కరిస్తామో చెబుతాను, నేనూ ఆ పని చేశాను కాబట్టి.

మీరు కలెక్టరేట్‌లో ఇచ్చిన కాగితం అక్కడే స్కానై, ఒక నంబరు వేసుకుని, శాఖ నుంచి శాఖకు దొర్లి, చివరికి గ్రామంలో ఉన్నవాడి లాగిన్‌లో పడుతుంది. పడిన నిమిషం నుంచి గడియారం నడుస్తుంది. గడువు దాటితే ఆ అర్జీ ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని మా భాషలో ‘బియాండ్ ఎస్‌ఎల్‌ఏ’ అంటారు. వారం వారం వీడియో కాన్ఫరెన్సులో ఎర్రవి ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చదువుతారు. కాలువ తవ్వించావా అని అడిగేవాళ్లు తక్కువ. ఎన్ని క్లోజ్ చేశావు అని అడిగేవాళ్లే ఎక్కువ.

ఒకసారి నా దగ్గరికి ఒక వీధి దీపం అర్జీ వచ్చింది. స్తంభం విద్యుత్తు వాళ్లది, దీపం పంచాయతీది, మధ్యలో తెగిన తీగ ఎవరిదో తేలలేదు. గడువు రేపటితో అయిపోతుందనగా టెన్షన్ తట్టుకోలేక ‘సమస్య పరిశీలించి, తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు వ్రాయడమైనది’ అని రాసి క్లోజ్ కొట్టేశాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. దీపం కూడా లేదు. అర్జీ పెట్టిన ముసలాయన మర్నాడు ఫోను పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ‘బాబూ, వెలిగిందని ఇందులో ఉందంట, మా కోడలు చదివింది, నాకేమో కనబడటం లేదు, కళ్లు పరీక్ష చేయించుకోమంటావా?’ అన్నాడు. ఆ వారంలోనే నా జేబులోంచి డబ్బు పెట్టి తీగ వేయించాను. గొప్ప కోసం చెప్పడం లేదు. అప్పటికి పన్నెండు అర్జీలు అలాగే క్లోజ్ చేసి ఉన్నాను. వాటిలో పదకొండు మంది రాలేదు.

అందుకని మీరు చేయాల్సింది ఇది. ముందు ఆ అర్జీకి ఇచ్చిన ఎండార్స్‌మెంట్ కాపీ అడగండి. ఏ మాటలతో మూసేశారో అందులో ఉంటుంది. తర్వాత ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసో, మళ్లీ సోమవారం వెళ్లో ఆ నంబరు మీదే రీఓపెన్ చేయించండి. కొత్త అర్జీ పెట్టకండి. కొత్తది పెడితే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది, పాతది వాళ్ల లెక్కలో పరిష్కారమైనట్టే ఉండిపోతుంది. ఈసారి అర్జీలో ‘తగు చర్య తీసుకోగలరు’ అని రాయకండి. మీరు ‘తగు చర్య’ అంటే మేము ‘తగు చర్య తీసుకోవడమైనది’ అంటాం, చెల్లుకు చెల్లు. ఫలానా ఇంటి నుంచి ఫలానా కల్వర్టు దాకా ఇన్ని గజాల కాలువలో పూడిక ఏ తేదీన తీశారు, ఎవరు తీశారు, ఎంత ఖర్చయింది అని అడగండి. గేదెతో సహా ఫొటో జతచేయండి.

అదీ కాకపోతే సమాచార హక్కు ఉండనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. పంచాయతీలో ఆ జవాబు ఇవ్వాల్సినవాడు కార్యదర్శే. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆన్‌లైన్ అర్జీ వంద వచ్చినా పట్టని భయం, తెల్లకాగితం మీద ‘సమాచార హక్కు చట్టం 2005’ అని హెడ్డింగు చూస్తే పడుతుంది.

*

సార్, నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరు ప్రకాశం జిల్లాలో. ఒక రాత్రి ఊరికే ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో మా పంచాయతీ లెక్కలు తెరిచాను. పైపులైను మరమ్మతులకు 1,84,000 రూపాయలు ఖర్చు పెట్టినట్టుంది. మా అమ్మను అడిగితే ఏ పైపూ ఎవరూ తవ్వలేదంది. స్క్రీన్‌షాట్ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో అడ్మిన్ నన్ను తీసేశాడు. ఇప్పుడేం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకుడు

బాబూ, ముందు మీకు ఒక దండం. మా పంచాయతీ లెక్కలు తెరిచి చూసినవాడు 31 ఏళ్ల సర్వీసులో నాకు ఆడిటరు తప్ప ఇంకొకడు తగల్లేదు.

తక్కిన పాఠకులకు ఒక ముక్క చెప్పాలి. ఈ-గ్రామ్‌స్వరాజ్ 2020 ఏప్రిల్ 24న, పంచాయతీరాజ్ దినం నాడు మొదలైంది. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే చాలు, ఆ ఏడాది ఏ పనులు పెట్టుకున్నారు, ఎంత వచ్చింది, దేనికెంత పోయింది అన్నీ కనిపిస్తాయి. అదే సమాచారం ‘మేరీ పంచాయతీ’ అనే యాప్‌లోనూ ఉంది. పూర్వం ఇదంతా నా బీరువాలో ఉండేది. తాళంచెవి నా దగ్గర, నేను సెలవులో.

ఇక మీ 1,84,000 సంగతి. దొంగతనం అని ఇప్పుడే అనకండి. నేను రాసిన వోచర్లు గుర్తొచ్చి అంటున్నాను. 15వ ఆర్థిక సంఘం లెక్కన కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు. మోటారు కాలిపోతే వైండింగు చేయించాలి, గేటు వాల్వు మార్చాలి, బ్లీచింగు కొనాలి. ఇవన్నీ విడివిడిగా ఎక్కించబోతే కంప్యూటరులో డ్రాప్‌డౌన్ జాబితా ఒకటి అడ్డం పడుతుంది. అందులో మా మోటారు పేరు ఉండదు. ‘పైపులైను మరమ్మతులు’ ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి సర్వరు దొరికినప్పుడు నాలుగు ఖర్చులూ ఆ ఒక్క పేరు కింద తోసేసి ఇంటికి పోయిన రోజులున్నాయి. డబ్బు సక్రమం, పేరు తప్పు.

అలాగని ఊరుకోమనీ అనడం లేదు. పేరు తప్పని కార్యదర్శి నోటితో చెప్పాలి, అది నలుగురూ వినాలి. మీరు మూడు విషయాలు చూడండి. ఆ పని ఆ ఏడాది ప్రణాళికలో ఉందా? వోచరు ఏ తేదీది, డబ్బు ఎవరికి వెళ్లింది? పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఏముంది? మొదటి రెండూ మీ ఫోన్లోనే దొరుకుతాయి. మూడోది ఫోన్లో దొరకదు, ఊళ్లో అడగాలి.

మీరు గ్రూపులో పెట్టారు, అక్కడే దెబ్బతిన్నారు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ది. గ్రామసభ అలా కాదు, అందులోంచి ఎవరినీ తీసేయడానికి లేదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ దానికి సభ్యులే. ఆంధ్రప్రదేశ్‌లో చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలి, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి. మీ ఓటు బెంగళూరుకు మార్చుకుని ఉంటే మీ అమ్మగారు అడగొచ్చు. ప్రశ్న ఒక కాగితం మీద రాసివ్వండి, వోచరు నంబరుతో సహా. ‘ఇది మినిట్స్‌లో రాయండి’ అనే ఆఖరి మాట ఆవిడ మరిచిపోకూడదు. సభ అయ్యాక ఆ పేజీ ఫొటో తీసుకోవాలి.

ఆవిడ మొహమాటపడితే ఈ కథ చెప్పండి. ఉపాధి హామీ పథకం మొదలైన కొత్తలో, 2006లో అనంతపురం జిల్లాలో పెద్దఎత్తున సామాజిక తనిఖీ చేశారు. తర్వాత రాష్ట్రమంతా వచ్చింది, 2009లో దానికోసం విడిగా ఒక సంస్థే పెట్టారు. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, అన్నీ కంప్యూటర్లో ఉండేవి కాబట్టి వాటిని తీసి, ఊరూరా ఇంటింటికీ తిరిగి చదివి వినిపించేవారు. ఆఖర్న మండల కేంద్రంలో ప్రజావేదిక. మా వైపు జరిగినదాంట్లో ఒక కుర్రాడి పేరు చదివారు, చెరువు పూడికతీతలో 18 రోజులు పని చేసినట్టు. జనంలోంచి ఒకావిడ లేచింది. ‘మా అల్లుడు కువైట్ పోయి రెండేళ్లయింది. వచ్చి పద్దెనిమిది రోజులు చెరువులో ఉండి, అత్త ఇంటికొచ్చి అన్నం తినకుండా పోయాడా?’ అంది. టెంటంతా నవ్వింది. ఆ హాజరు వేసిన ఫీల్డ్ అసిస్టెంటు నవ్వలేదు.

ఆ పేరు కంప్యూటరులో ఏడాదిపైగా ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఆ అత్తగారే కావలసి వచ్చింది. మీ ఫోనూ, మీ అమ్మగారూ ఒకచోట చేరితే మా కార్యదర్శులకు నిద్ర పట్టదు.

మధ్యలో ఒక మాట. 2025లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ‘సభాసార్’ అని ఒక ఏఐ సాధనం తెచ్చింది. గ్రామసభ రికార్డింగు ఇస్తే మినిట్స్ అదే తయారుచేస్తుందట. చేయనివ్వండి, నాకు ముచ్చటగానే ఉంది. ఎందుకంటే మినిట్స్ ముందే రాసేసి, సంతకాలు ఇంటింటికీ తిరిగి చేయించిన సభలు నాకు చాలా తెలుసు. మాట్లాడని సభకు ఆ యంత్రం ఏం సారం తీస్తుందో చూడాలి.

*

అంకుల్, ప్రభుత్వ సేవల ‘మన మిత్ర’ వాట్సాప్‌లో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రాన్ని ఒకచోట ఒప్పుకోలేదు. ‘ఆకుపచ్చ సిరా సంతకం ఉన్నది తీసుకురా’ అన్నారు. చెల్లదా?
— డిగ్రీ విద్యార్థిని, ఏలూరు జిల్లా

చెల్లుతుందమ్మా. ఆ పత్రం మీద క్యూఆర్ కోడ్, నంబరు ఉంటాయి. వాళ్ల ముందే స్కాన్ చేసి చూపించు. ఇంకా కాదంటే ‘ఎందుకు చెల్లదో రాసివ్వండి సార్’ అని మెల్లగా అను. రాసివ్వరు, పత్రం తీసుకుంటారు. 2011లో మీసేవ వచ్చినప్పుడూ ఇదే గోల. డిజిటల్ సంతకం అంటే ‘సంతకమేదీ?’ అని వెనక్కి తిప్పి చూసేవాళ్లు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ఈ వాట్సాప్ పద్ధతికీ అలవాటు పడటానికి కొంత టైమ్ పడుతుంది.

ఒక్క జాగ్రత్త. ప్రభుత్వ పథకం అని చెప్పి ఎవరైనా వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లోకి యాప్ ఎక్కించే ఫైలు, పంపితే నొక్కకు. నాన్నగారి ఫోన్లో కూడా నొక్కనివ్వకు.

*

కార్యదర్శి గారికి నమస్కారం. మాది తెలంగాణ. మా రేషన్ కార్డు కంప్యూటర్లో తీసేశారు. నీ పేరు మీద కారుంది అంటున్నరు. నేను ఆటో కిరాయికి నడుపుత. కారు నాదని కంప్యూటర్‌కి ఎవరు చెప్పిన్రు?
— ఆటో డ్రైవర్, సంగారెడ్డి జిల్లా

తమ్ముడూ, నేను ఆంధ్రా వైపు పనిచేసినవాణ్ణి, మీ ఆఫీసుల దారులు పూర్తిగా తెలిసినవాణ్ణి కాను. అయినా మీ కథ మీ ఒక్కరిది కాదని మాత్రం తెలుసు.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అని ఒక వ్యవస్థ ఉంది. రవాణా శాఖ, భూమి, కరెంటు ఇలా రకరకాల శాఖల్లో ఉన్న పేర్లను, చిరునామాలను కలిపి చూసి, ఇవన్నీ ఒకే మనిషివి అని లెక్క కడుతుంది. మన పేర్ల సంగతి మీకు తెలియనిదా? ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు మల్లేశ్‌లు ఉంటారు. మనిషి చూస్తే వీడు పెద్దమల్లేశ్, వాడు ఆటో మల్లేశ్ అని తెలుస్తుంది. కంప్యూటరుకు ఆ ‘ఆటో’ కనబడదు.

2016 నుంచి అక్కడ నోటీసు లేకుండా రద్దు చేసిన సుమారు 19 లక్షల కార్డుల మీద సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. కాబట్టి ‘కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు’ అన్న జవాబుకు మీరు తల ఊపి రాకండి.

కారు నంబరు అడగండి. నంబరు లేకుండా కారు ఉండదు కదా. ఆ నంబరు పట్టుకుంటే బండి ఎవరి పేరు మీదుందో రవాణా శాఖ రికార్డులో తేలుతుంది. తండ్రి పేరు, చిరునామా వేరైతే ఆ కాగితమే మీ సాక్ష్యం. దాన్ని జతచేసి, ఇంటికి వచ్చి విచారణ చేయమని తహసీల్దారుకు రాయండి, రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. 2013 ఆహార భద్రత చట్టం కింద ప్రతి జిల్లాకూ ఫిర్యాదులు వినే అధికారి ఒకరుండాలి. ఆ అధికారి ఎవరని అడిగి, ఆయన పేరు మీదే ఇంకో కాపీ ఇవ్వండి.

కంప్యూటరుకు అనుమానం రావడం తప్పని నేననను. నాకూ వచ్చేది, మేడ కట్టుకుని తెల్లకార్డు పట్టుకున్నవాణ్ణి చూస్తే. కానీ అనుమానం వస్తే సైకిలేసుకుని వెళ్లి గుమ్మం ముందు నిలబడి చూసేవాళ్లం. ఇప్పుడు అనుమానం వచ్చినచోటే కార్డు పోతోంది. సైకిలు తొక్కే మనిషిని ఎక్కడ తీసేశారో నాకు అర్థం కాలేదు.

*

మేము డాలస్‌లో ఉంటాం. ఊరికి నీళ్ల ట్యాంకు, బడికి గదులు కట్టించాం. గ్రామసభను జూమ్‌లో పెడితే మేమూ పాల్గొని ఓటు వేస్తాం కదా?
— ఎన్నారై పాఠకుడు

చూడటానికి పెట్టమనండి, తప్పు లేదు. చెయ్యెత్తేది మాత్రం జాబితాలో ఉన్నవాళ్లే. భారత పౌరసత్వం ఉంచుకుని ఉంటే ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా చేరొచ్చు, కానీ ఓటు వేయడానికి మనిషి రావాలి. పౌరసత్వం మారితే అదీ లేదు. ఫోనులో ఓటు కోసం 2021 అక్టోబరులో తెలంగాణ ఎన్నికల సంఘం ఖమ్మంలో ఒక ట్రయల్ చేసింది. అది నమూనా ఓటు.

ట్యాంకు కట్టించారు, సంతోషం. దాని మోటారు ఖర్చు ఏడాదికి ఎంతవుతోందో పైన బెంగళూరు కుర్రాడికి చెప్పిన సైట్‌లో అప్పుడప్పుడూ చూస్తుండండి. డాలస్ నుంచి చేయగలిగిన పని అది.

*

అన్నయ్యగారూ, నేను సర్పంచ్‌ని. చెక్కుల కాలం పోయింది, ఇప్పుడు డబ్బు కదలాలంటే నా డిజిటల్ కీ పెట్టాలట. ఆ కీని నేను ఎన్నికైన కొత్తలో ఒక్కసారే చూశాను. తర్వాత ఆఫీసులో ఉందంటారు, ఆపరేటర్ దగ్గర ఉందంటారు. మా ఆయన ‘నీకెందుకు, పనులు అవుతున్నాయిగా’ అంటారు. అడిగితే తప్పా?
— ఊరు పేరు రాయలేదు

అమ్మా, తప్పు కాదు. అడగకపోవడమే మీకు ప్రమాదం. ఆ పెన్‌డ్రైవ్ లాంటి ముక్క మీ వేలిముద్ర, మీ సంతకం, రెండూ. దాన్ని జాగ్రత్తగా తన అధీనంలో ఉంచుకునే బాధ్యత దాని యజమానిదేనని 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్‌లో ఉంది. రేపు ఆడిట్‌లో ఒక చెల్లింపు తప్పని తేలితే ఆపరేటరునీ అడగరు, మీ ఆయన్నీ అడగరు. నోటీసు మీ పేరు మీద వస్తుంది.

రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చేతికి వచ్చిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. ఎలాగో తెలియకపోతే ఇంటర్ చదివే పిల్ల ఎవరైనా చెబుతుంది, కానీ కొత్త పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆ పిల్లను కూడా అటు తిరగమనండి. కీ ఎవరి దగ్గరా దొరక్కపోతే మండల ఆఫీసులో రాసిచ్చి పాతది రద్దు చేయించుకోండి, కొత్తది వస్తుంది. ప్రతి చెల్లింపుకూ ముందు బిల్లు చూపించమనండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు, చదివి వినిపించమనండి.

నా సర్వీసు చివర్లో, 2021 ఎన్నికల్లో గెలిచిన సర్పంచ్ ఒకావిడ ఉండేది. మిరప చేలో కూలికి వెళ్లే మనిషి. కీ ఇచ్చిన రోజు ‘ఇది పోతే ఏమవుతుంది?’ అని అడిగింది. చెప్పాను. కీని కొంగు చివర ముడేసి బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత బిల్లు పెట్టాల్సిన ప్రతిసారీ నేను ఆవిడ ఉన్న చేను గట్టుకు కబురు పంపాల్సి వచ్చేది. ఒక్కోసారి సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. విసుక్కున్నాను కూడా. వచ్చి, కాళ్లు కడుక్కుని, ప్రతి బిల్లూ చదివించుకుని, కొంగు ముడి విప్పేది. కీ పెట్టి, నన్ను గోడ వైపు తిరగమని, పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేది.

అది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.